బోయిసీ కొండల్లో దవనం వాసన

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఐడహోలోని బోయిసీకి మారిపోతున్నాం అంటే ఫ్రెండ్స్ అందరూ ఒకటే మాట, అక్కడ మనవాళ్లు ఎవరున్నారు, పిల్లాడికి తెలుగు ఎలా వస్తుంది అని. నాకూ అదే దిగులు. ఫ్రిస్కోలో గుడి, తెలుగు క్లాసు, ఉగాదికి పిలుచుకునే ఇళ్లు అన్నీ దగ్గరే. ఇక్కడ మైక్రాన్ అనే చిప్‌ల కంపెనీలో చేసే మనవాళ్లు కొంతమంది ఉన్నారు గానీ ఆ సందడి లేదు, పండగ రోజున ఆ లోటు బాగా తెలుస్తుంది.

కానీ ఈ ఊరు నచ్చేసింది. ఊరి మధ్యలోంచి నది, ఒడ్డునే 25 మైళ్ల గ్రీన్‌బెల్ట్, స్కూల్ నుంచి రాగానే మావాడు సైకిల్ తీస్తాడు. నేను బెజవాడలో కృష్ణ పక్కనే పెరిగినా పుష్కరాలకి మూడు మునకలు వేయడం తప్ప నదిలో దిగింది లేదు, వీడేమో జూలైలో లైఫ్ జాకెట్ వేసుకుని బార్బర్ పార్క్ దగ్గర ట్యూబ్ ఎక్కి 6 మైళ్లు తేలుకుంటూ ఆన్ మారిసన్ పార్క్‌లో దిగుతాడు, నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే కాళ్లు తిమ్మిరెక్కిపోతాయి. ఆగస్టులో అడవులు తగలబడి పొగ వస్తే మాత్రం ఇంట్లోనే, ఆ రోజులు కష్టం.

ఊరి వెనకాల కొండలున్నాయి, ఫుట్‌హిల్స్ అంటారు. అక్కడ ఇళ్లు కట్టేయకుండా ఆ నేల కొని ఉంచడానికి 2001లో జనమే ఓటేసి కోటి డాలర్ల పన్ను తమ మీద వేసుకున్నారు, 2015లో మళ్లీ వేసుకున్నారు. ఇది తెలిసాక ఆ కొండల్లో నడిచేటప్పుడల్లా నాకు వాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పోయిన మేలో మా అత్తయ్యగారు వచ్చినప్పుడు క్యామెల్స్ బ్యాక్ పార్క్ వెనక దారిలో తీసుకెళ్లాం. ముందురోజు వాన పడింది. దారి పక్కన బూడిద రంగు పొదలు, సేజ్‌బ్రష్. ఆవిడ ఆగి ఒక రెమ్మ తుంచి వేళ్లతో నలిపి వాసన చూసి, "ఒరే నాన్నా, ఇది మన దవనం లాగుందిరా" అన్నారు. వాడు దవనం అంటే ఏంటి నానమ్మా అన్నాడు. కనకాంబరాల మధ్యలో పెట్టి మాల కట్టేదాన్నని, పెళ్లికి జడలో అదే పెట్టుకున్నానని, పొదల పక్కనే నిలబడి అరగంట చెప్పారు, వాడు ఒక్క ముక్క ఇంగ్లీష్ లేకుండా ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. తెలుగు క్లాసులో వాడు అంతసేపు మాట్లాడటం నేను చూడలేదు.

ఇంటికొచ్చి చూస్తే రెండూ ఆర్టెమీసియా జాతివే, ఆవిడ ముక్కు తప్పు చెప్పలేదు.

ఆ రెమ్మని ఆవిడ దేవుడి పటం దగ్గర పెట్టారు. మొన్న హైక్‌లో వాడి క్లాస్‌మేట్ ఈ వాసన ఏంటి అంటే మావాడు దవనం అని చెప్పాడు, ఆ పిల్ల "డవనం" అంటుంటే "ద, ద" అని నాలుక చూపించి మరీ పలికించాడు.