ఆ చిల్లులో ఏ వారం ఉంది?

మొన్న ఆదివారంతో నాలుగుసార్లయింది. విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో మా వంశవృక్షాల బృందం ఐదుగురం మూడు గంటలు కూర్చున్నాం. మా ముత్తాత పేరున్న పాత లెక్కల పుస్తకంలో వారం పేరును పురుగు తినేసింది, ఆ రెండక్షరాలు ఇంకా చిక్కలేదు.

దొరికినవి ముందు చెప్పేస్తాను. తాతమ్మ పుట్టింటివారి ఇంటిపేరు తెలిసింది, 1961 నాటి దస్తావేజులో సాక్షిగా ఆవిడ తమ్ముడి సంతకం ఉంది. మూడు తరాల మేనరికాలూ గ్రాంప్స్ అనే వంశవృక్షాల సాఫ్ట్‌వేర్‌లో చక్కగా కుదిరాయి. ఇంతకు ముందు డబ్బు కట్టి వాడిన ఒక యాప్ మేనత్త కూతురిని పెళ్లాడితే అత్తగారిని ఇద్దరు మనుషులుగా చూపించేది. మన కుటుంబాలకు గ్రాంప్స్‌ను మించింది నాకు కనపడలేదు, పైగా ఉచితం.

ఇక అసలు సంగతి. భీమిలి ఇంటి అటక మీద దొరికిన జమాఖర్చు పుస్తకం. లెక్కలన్నీ 1930ల నాటివి. 41వ పుటలో ఆరో వరుస ఇలా ఉంది: "ధాత నామ సం. ఆశ్వయుజ శు. దశమి", తరవాత పురుగు తొలిచిన చిల్లు, తరవాత "వారం", ఆపైన మా ముత్తాత పేరు. పుట్టాడనీ లేదు, పోయాడనీ లేదు. కింది వరుసలో "బ్రాహ్మలకు 3-8-0", అంటే మూడు రూపాయల ఎనిమిది అణాలు.

ముత్తాత ధాత కరువులో పుట్టాడని మా మేనత్త చిన్నప్పటి నుంచీ చెబుతోంది. అంటే 1876. కానీ అరవై ఏళ్లకు అదే పేరు తిరిగొస్తుంది, 1936 కూడా ధాతే. 1936లో విజయదశమి అక్టోబరు 25, ఆదివారం. 1876లో సెప్టెంబరు నెలాఖరున, నా లెక్కకు 27న, బుధవారం. లెక్క ఒక రోజు అటూఇటూ అయినా ఆదివారం కాదు. వారం పేరు ఒక్కటి తెలిస్తే చాలు, ఏడాది తేలిపోతుంది. పురుగు సరిగ్గా అదే తినేసింది!

చిల్లు 11 మిల్లీమీటర్ల వెడల్పు, 6 ఎత్తు. ఆ చేతిరాతలో "వారం" 14 మిల్లీమీటర్లు పట్టింది, ఒక్కో అక్షరం సుమారు 5. కాబట్టి రెండక్షరాలే పడతాయి. ఆదివారానికి ఆది, భాను, బుధవారానికి బుధ, సౌమ్య, నాలుగూ పడతాయి! సౌమ్య అయితే యవత్తు కిందికి దిగాలి. చిల్లు కింద కాగితం బాగానే ఉంది, గీత జాడ లేదు, దాన్ని తీసేశాను. టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేసి చూశాం, లాభం లేదు. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి తెచ్చాను. ఇనుము కలిసిన సిరా ఆ వెలుగులో నల్లగా తేలుతుంది. మిగతా వరుసలన్నీ అద్భుతంగా తేలాయి. చిల్లు అంచున మాత్రం కాగితమే లేదు కదా!

అప్పుడు మా బృందంలో ఒక పెద్దాయన ఎదురు పుట చూడమన్నారు. పుస్తకం తడిగా ఉండగా మూస్తే సిరా అవతల అంటుకుంటుంది. నిజంగానే అక్కడ 2 మిల్లీమీటర్ల వంపు గీత ఉంది. ఫొటో తిరగేసి చూస్తే "ది" మీది గుడిలా ఉందని నేనంటాను, "ధ" మీది తలకట్టు అని ఆయనంటారు. ఇద్దరం పట్టు వదలలేదు.

నా ఊహలు మూడు. ముత్తాత జాతకం చూసి ఎవరో జన్మతిథి ఎక్కించి ఉండాలి, అప్పుడు బుధవారం. లేదా 1936లో అదే తిథికి ఆయన షష్టిపూర్తి జరిగింది, ఆ మూడున్నర రూపాయలు దానివే. మూడోది నన్ను నిద్రపోనివ్వడం లేదు: నాన్నకు ముందు ఒక మగపిల్లాడు పుట్టి పురిట్లోనే పోయాడట. ముత్తాత పేరే వాడికి పెట్టి ఉంటే? బతికున్నవాళ్ల పేరు మన ఇళ్లల్లో పెట్టరని అత్త కొట్టిపారేసింది. అత్త మాట కాదనలేను, కానీ ఆ పిల్లాడి పేరు ఆవిడకే తెలియదు.

ఊరు జమీందారీ కింద ఉండేది, మా భూమి లెక్కలు నాకు దొరికినంతలో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత చేసిన సెటిల్‌మెంట్ నుంచే ఉన్నాయి, వాటితో ఈ ముడి విడదు. భీమిలి మున్సిపాలిటీ మాత్రం 1861లోనే ఏర్పడింది. కాబట్టి 1936 అక్టోబరు జనన రిజిస్టరు నకలుకు ఈ వారం దరఖాస్తు పెడతాను. పసివాడి పేరు రాసి ఉండదు, "మగ" అని మాత్రమే ఉంటుంది, అందుకే తాతయ్య పేరుతో, వీధి పేరుతో వెతకమని అడగాలి. అది తేలకపోతే కార్తీకం వెళ్లాక పూరీ వెళ్లి మా పండా (తీర్థ పురోహితుడు) దగ్గరున్న బహీలు, అంటే యాత్రికుల వంశావళి పుస్తకాలు చూస్తాను. గోత్రం, ఊరు పేరు, పాత ఇంటిపేరు కాగితం మీద రాసి ఇప్పటికే సంచిలో పెట్టాను.