గులాబీ ఉత్తరం: సంతకం నిజం, సమాచారం అబద్ధం

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాస్తున్న ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ నవలల వరుసలో అయిదవది 2011 జులైలో వెలువడింది. దాని చివరి భాగంలో, ఉత్తరాన సరిహద్దుగా నిలిచిన పెద్ద గోడ దగ్గర కాపలా దళానికి నాయకుడిగా ఉన్న జాన్ స్నోకు ఒక ఉత్తరం అందుతుంది. పైన పేరు లేదు, హోదా లేదు, అతని పుట్టుకను ఎత్తిపొడిచే ఒక్క తిట్టు మాత్రమే ఉంది. గులాబీ రంగు లక్కతో మూసిన ఆ ఉత్తరం కింద, వింటర్‌ఫెల్ కోటను చేజిక్కించుకున్న బోల్టన్ వంశంలోని రామ్సే బోల్టన్ సంతకం ఉంది. అయినా దాన్ని నిజంగా రాసిందెవరనే వాదన పాఠకుల మధ్య ఇప్పటికీ తెగలేదు. ఆ నవల ఇంకా చదవనివారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

సింహాసనం కోసం పోరాడుతున్న స్టానిస్ రాజు ఏడు రోజుల యుద్ధంలో చనిపోయాడనీ, అతని మాయఖడ్గం తన చేతికి చిక్కిందనీ, గాయకుడి వేషంలో వింటర్‌ఫెల్ కోటలో చొరబడిన, గోడకు అవతలివాళ్ల రాజు మాన్స్ రేడర్‌ను బోనులో పెట్టాననీ, అతని వెంట వచ్చిన ఆరుగురు స్త్రీల చర్మాలతో అతనికి కప్పుకునే పైవస్త్రం కుట్టించాననీ ఆ ఉత్తరం చెబుతుంది. పారిపోయిన తన భార్యను, రీక్ అని తాను పిలుచుకునే బానిసను, స్టానిస్ భార్యనూ కూతురినీ, ఎర్రబట్టల మంత్రగత్తెను, మాన్స్ పసిబిడ్డను అప్పగించాలని కోరుతుంది.

గుంటూరులో ఉండే మా బావ దీన్ని మాన్సే రాశాడంటారు. ఆయన విజయవాడ వచ్చినా, నేను బ్రాడీపేటలోని వాళ్లింటికి వెళ్లినా, భోజనాలయ్యాక మా మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. “కాపలా దళాన్ని నల్లకాకులని పిలిచేది గోడకు అవతలివాళ్లురా, రామ్సే నోట ఆ మాట ఎందుకొస్తుంది? పైగా కాల్చి చంపేశారని లోకమంతా నమ్ముతున్న మాన్స్ బతికే ఉన్నాడన్న రహస్యం బయటివాడికి ఎలా తెలుస్తుంది?” అని ఆయన ప్రశ్న. ప్రశ్న బలమైనదే. కానీ మనుషుల చర్మం ఒలిచి నిజాలు రాబట్టడమే వృత్తిగా పెట్టుకున్నవాడి చేతికి మాన్స్ గానీ, ఆ ఆరుగురిలో ఒక్కరు గానీ ప్రాణాలతో చిక్కితే చాలు. రహస్యంతోపాటు వాళ్లు వాడే మాటలు కూడా అతనికి తెలిసిపోతాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఉత్తరం రాసింది మాన్సే అయితే, తన కొడుకును తానే బెదిరింపు జాబితాలోకి ఎక్కించినట్టవుతుంది. బిడ్డ క్షేమం కోసం ఎంత సాహసానికైనా సిద్ధపడే తండ్రి ఆ పని చేస్తాడంటే నేను ఒప్పుకోలేను.

స్టానిస్ రాశాడనే వాదన నా దృష్టిలో ఇంకా బలహీనమైనది. తాను చనిపోయినట్టు వార్త రావచ్చని అతను తన అనుచరుడితో అనే ఘట్టం, రాబోయే నవల నుంచి రచయిత ముందుగా విడుదల చేసిన అధ్యాయంలో ఉన్న మాట నిజమే. అయితే అదే అధ్యాయంలో అతని చేతికి చిక్కిన, ఉత్తరాలు మోసే కాకోలాలు ఎగరగలిగేది వింటర్‌ఫెల్‌కే తప్ప గోడకు కాదు. భార్యనూ కూతురినీ గోడ దగ్గర వదిలి వెళ్లిన మనిషి వాళ్లనే అప్పగించమని ఎందుకు అడుగుతాడు?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన వాదన మా బాబాయిది. ఆయన గుంటూరులో చాలాకాలం దస్తావేజు లేఖరిగా పనిచేశారు. ఈ నవలలు ఆయన చదవలేదు. మా ఇద్దరి గొడవ విని, “అసలు సంతకం తర్వాత చూద్దాం గానీ, సాక్షి సంతకాలు ఎవరివిరా?” అన్నారు. వెంటనే పుస్తకం తీసి, అంతకుముందు జాన్‌కు రామ్సే పంపిన పెళ్లి పిలుపు ఉన్న పేజీ తెరిచాం. అందులో లక్క గుండ్రని బొత్తాంలా ఉంది, సంతకం పెద్ద పెద్ద ముళ్ల అక్షరాలతో ఉంది, గోధుమరంగు సిరా రుద్దితే పెచ్చులుగా రాలింది, కింద డస్టిన్, సెర్విన్, రిస్వెల్ వంశాలవాళ్ల గుర్తులూ ముద్రలూ వరుసగా ఉన్నాయి. చివరి ఉత్తరంలో లక్క పులిమినట్టుంది, చేతిరాత గురించి ఒక్క ముక్క లేదు, సాక్షులెవరూ లేరు. అంతకుముందు రీక్ అక్క ఆశాకు రామ్సే రాసిన ఉత్తరంతో పంపినట్టుగా తోలు ముక్క కూడా జత చేయలేదు. బాబాయి ఇక మాట్లాడలేదు. మా బావ మాత్రం గెలిచినంత సంబరపడ్డారు.

ఆ తేడాలన్నీ నిజమే. అయినా వాటిని నేను మరోవిధంగా చదువుతాను. ఉత్తరాది ప్రభువులు బోల్టన్ల చేతిలో ఉన్న వింటర్‌ఫెల్ కోటలో కూడినది, ఆ కోట పాత ప్రభువు నెడ్ స్టార్క్ కూతురికీ రామ్సేకూ జరిగే పెళ్లికి. ఆమె అసలు స్టార్క్ పిల్లే కాదనీ, జేన్ పూల్ అనే మరో అమ్మాయనీ మనకు తెలుసు. ఆ భార్య చేయి జారిపోయిందని ఒప్పుకుంటూ రాసే కాగితం మీద, ఆ ప్రభువుల చేత గుర్తులు వేయించడానికి రామ్సే సాహసిస్తాడా? తండ్రికి కూడా చెప్పకుండా, కోపంతో ఊగిపోతూ, హడావుడిగా రాసి లక్క పులిమి పంపాడని నేను నమ్ముతున్నాను. తానూ అక్రమ సంతానంగానే పుట్టి, రాజశాసనంతో బోల్టన్ అయినవాడు కాబట్టే, ఎదుటివాడి పుట్టుకను వాక్యం వెంట వాక్యం తిడుతూ చివర్లో తనను తాను సక్రమ వారసుడినని సంతకం చేశాడు. ఆ పుండు మాన్స్‌కూ లేదు, స్టానిస్‌కూ లేదు.

ఇక సమాచారం సంగతి. స్టానిస్ మిత్రుల తలలు కోట గోడల మీద ఉన్నాయని ఉత్తరం గొప్పగా చెబుతుంది. రాజు తల మాట మాత్రం ఎత్తదు, కత్తి గురించి మాత్రమే చెబుతుంది. శవాలను ప్రదర్శనకు పెట్టడంలో అంత ఆనందం పొందేవాడు శత్రురాజు శవం నిజంగా దొరికి ఉంటే దాన్ని వర్ణించకుండా ఊరుకుంటాడా? కత్తిని చూపించి రామ్సేను ఎవరో నమ్మించారు, అతను నమ్మాడు, నమ్మినదే రాశాడు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ధారావాహికలో 2016లో ఇలాంటి ఉత్తరాన్ని రామ్సే పేరుతోనే చూపించారు గానీ, అక్కడ కథ దారి వేరు కాబట్టి దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను.

ఉత్తరం మొత్తం అబద్ధాలేమోనని గోడకు అవతలివాళ్ల నాయకుల్లో ఒకడైన టోర్మండ్ అనుమానిస్తే, అందులో నిజం ఉందని జాన్ జవాబిస్తాడు. బావ ఆ వాక్యాన్ని మాన్స్ వైపుకు లాగుతారు, నేను రామ్సే వైపుకు లాగుతాను. ఆ కాకోలం వింటర్‌ఫెల్ నుంచి కాక మరెక్కడి నుంచో బయలుదేరిందని తర్వాతి నవలలో తేలితే మాత్రం నా వాదనను వెనక్కి తీసుకుంటానని ఆయనకు మాట ఇచ్చాను.