పాటకి కొత్త మాట ఎక్కడ దొరుకుతుంది

పదిహేనేళ్ల వయసులో పాట రాద్దామని కూర్చుంటే ముందుగా వచ్చేవి గుండె, వెన్నెల, కల. అవి విన్న పాటల్లోంచి వస్తాయి. మొదటి చిత్తులో ఆ మూడింటినీ పక్కన పెట్టండి.

నెల్లూరు వాళ్లయితే మొహర్రం నెలలో రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గరికి వెళ్లి, పావుగంట ఊరికే వినండి. ఒక్కో కోరికకి ఒక్కో రొట్టె. నీళ్లలో దిగి "చదువు రొట్టె ఎవరి దగ్గరుంది?" అని అడుగుతుంటారు. కోరిక తీరినవాళ్లు తర్వాతి ఏడు అదే పేరుతో రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఎంత మంచి మలుపు! పల్లవి అడిగేవాళ్లది, చరణం ఏడాది తర్వాత ఇచ్చేవాళ్లది.

ఇక నడక. మాత్ర అంటే అక్షరం పలకడానికి పట్టే కాలానికి కొలత. హ్రస్వానికి 1 మాత్ర. దీర్ఘానికి, సున్నా ఉన్న అక్షరానికి, ఒత్తక్షరం ముందున్న అక్షరానికి 2. తిశ్రగతి అనే నడకలో తాళం దెబ్బకి 3 మాత్రలు. 'చదువు' 3, 'రొట్టె' 3, చక్కగా కూర్చుంటాయి. 'ఉద్యోగం' 6 కాబట్టి రెండు దెబ్బలకి సరిపోతుందనుకుంటాం. కానీ అది 2+2+2గా విరుగుతుంది, రెండో దెబ్బ 'ద్యో' నడిమధ్యన పడుతుంది. నోరు తడబడేది అక్కడే. 'కొలువు' పెట్టి చూడండి, సాఫీగా సాగుతుంది.

బాణీ తడితే మాటలు లేకపోయినా తననా అంటూ వెంటనే ఫోన్‌లో రికార్డు చేయండి.

ఒంగోలు వైపు వాళ్లకి కొత్తపట్నం సముద్రం ఉంది. వలల దగ్గర నిలబడి ముందు క్రియలే రాసుకోండి, ఓ పది చాలు. లాగు, దులుపు, ఏరు, మోయు: అన్నీ 3 మాత్రలే.