రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావమ్మా?

ఇంగ్లండులోని లీడ్స్‌లో నేను చేసేది ఇంటింటికీ వెళ్ళే పని. మానసిక జబ్బు ఉన్నవాళ్ళు మాత్రలు వేసుకున్నారో లేదో చూసి, చార్టులో సంతకం పెట్టి, వాళ్ళకు ఓపిక ఉంటే షాపు దాకా తోడు వెళ్ళి వస్తాను. కేర్ వర్కర్లకు వీసాలు ఇవ్వడం మొదలుపెట్టిన 2022లోనే వచ్చాను. మాది గుంటూరు, బ్రాడీపేట.

నేను వెళ్ళే ఇళ్ళల్లో ఒకటి ఒక తల్లీకొడుకులది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు, కొడుక్కి యాభై దాటాయి. అతనికి స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. పేర్లు చెప్పను, చెప్పకూడదు. కిందటి నవంబరులో ఆ ఇంటికి కౌన్సిల్ నుంచి సోషల్ వర్కర్ వచ్చింది. కొడుకు కోసం కాదు, తల్లి కోసం. ఇంగ్లండులో 2014 నాటి కేర్ యాక్ట్ ప్రకారం, జబ్బు మనిషిని ఇంట్లో చూసుకునేవాళ్ళ బాగోగులు కూడా విడిగా కనుక్కోవాలి. కొడుకు తనకేమీ వద్దన్నా సరే, తల్లికి ఆ హక్కు ఉంటుంది. ఆ అమ్మాయి కాయితాలు తీసి ముందుగా అడిగిన మాట ఇది: "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?"

పెద్దావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఏడ్చింది. నేను వంటింట్లో నిలబడి కెటిల్ స్విచ్ వేశాను. అది మరిగిపోయింది కానీ కప్పులు తీయడం నాకు గుర్తు లేదు.

డ్యూటీ దిగి బస్సెక్కేసరికి సాయంత్రం ఐదు, బయట అప్పటికే చీకటి. గుంటూరులో రాత్రి పదిన్నర. అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, రాత్రిళ్ళు ఎన్ని గంటలు పడుకుంటున్నావు?"

"ఇప్పుడదెందుకే? తిన్నావా నువ్వు?"

మళ్ళీ అడిగాను.

"మావయ్య పడుకుంటే పడుకుంటా, వాడు లేస్తే లేస్తా. లెక్కెవరు పెట్టుకుంటారు?"

మావయ్య అమ్మకు తమ్ముడు. ఇంజనీరింగ్ చదువుతూ మధ్యలో ఇంటికొచ్చేశాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టించారు, రెండేళ్ళు అలా పోయాయి. అందుకు మా అమ్మమ్మను నేను తప్పు పట్టను. దారి చెప్పేవాళ్ళు లేనప్పుడు ఎవరు ఏ తలుపు చూపిస్తే ఆ తలుపే తట్టింది. చుట్టాలు మాత్రం "విశాఖ తీసుకెళ్ళి పిచ్చాసుపత్రిలో పడెయ్యండి" అన్నారు. అమ్మమ్మ పడెయ్యలేదు. ఆవిడ పోయాక భారమంతా అమ్మ మీద పడింది.

లీడ్స్‌లో ఆ కొడుకు వేసుకునేదీ, మావయ్య వేసుకునేదీ ఒకటే మాత్ర, క్లోజపిన్. మిగతా మందులు పని చేయనివాళ్ళకు ఇస్తారు. దానివల్ల కొందరిలో తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రక్తపరీక్ష తప్పదు. బ్రిటన్‌లో మొదటి 18 వారాలు వారం వారం, ఏడాది నిండేదాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత నాలుగు వారాలకోసారి చేస్తూ వచ్చారు. రిపోర్టు గ్రీన్ వస్తే మాత్రలు ఇస్తారు, రెడ్ వస్తే ఆపేస్తారు. ఇంత ఏర్పాటూ బ్రాడీపేటలో మా అమ్మ ఒక్కతే. రిపోర్టులన్నీ బియ్యం డబ్బా పక్కన పాలిథిన్ కవర్లో ఉంటాయి, తేదీలు క్యాలెండర్ మీద పెన్నుతో చుట్టి ఉంటాయి. మావయ్య జబ్బు మొదలైనప్పటి నుంచి ఆమె ఏ పెళ్ళికీ వెళ్ళి రాత్రి ఉండలేదు.

అందుకే, "వాళ్ళకు వ్యవస్థ ఉంది, మనకు ప్రేమ ఉంది" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. లీడ్స్‌లో ఆ తల్లికి ప్రేమ తక్కువా? మన దగ్గర ప్రేమ అని పేరు పెట్టి ఒక ఆడమనిషి నిద్రంతా వాడేసుకుంటున్నాం.

మన చట్టం చెడ్డదేమీ కాదు. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. ఇల్లూ వాకిలీ లేదనో, ఇంట్లోవాళ్ళు వద్దన్నారనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచెయ్యకూడదని, గొలుసులు వెయ్యకూడదని అందులో ఉంది. కుటుంబానికి ఆసరాగా సేవలుండాలని కూడా ఉంది. 2022 అక్టోబరులో టెలి మానస్ వచ్చింది, నంబరు 14416. ఒక రాత్రి రెండు గంటలకు మావయ్య గోడలతో గొడవ పడుతుంటే అమ్మ ఆ నంబరుకు చేసింది. అవతల ఎవరో తెలుగులో నెమ్మదిగా మాట్లాడారట. "ఆ టైమ్‌లో ఒక మనిషి గొంతు వినపడిందే, అదే చాలు" అంది. మావయ్యకు వైకల్య పింఛను కూడా వస్తోంది. మానసిక జబ్బును 1995 చట్టమే వైకల్యంగా లెక్కలోకి తీసుకుంది, 2016 చట్టంలోనూ అది ఉంది. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం తిరిగే రోజుల్లో ఒక ఆఫీసులో "కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి కదమ్మా" అని వెనక్కి పంపారు. ఆ మాట అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. 2024 జులై నుంచి ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది, ఒకటో తారీకున ఇంటికే తెచ్చి ఇస్తున్నారు.

పింఛను ఇంటికి వస్తోంది. బీపీ, షుగర్ చూడటానికి ఏఎన్ఎం గుమ్మం దాకా వస్తోంది. ఆ మనిషే ఇంకో రెండు ప్రశ్నలు అడగొచ్చు కదా: మాత్రలు అయిపోయాయా, నువ్వు నిద్రపోతున్నావా? దీనికి కొత్త బిల్డింగులు అక్కర్లేదు, కాస్త ట్రైనింగ్ కావాలి, ఆ పనికి జీతంలో లెక్క ఉండాలి. మా లైన్లో టీకొట్టు ఆయన ఇప్పటికే సగం పని చేస్తున్నాడు. మావయ్య సాయంత్రం నాలుగున్నరకు టీకి రాకపోతే అమ్మకు ఫోన్ చేస్తాడు. ఎవరూ చెప్పకుండానే.

లీడ్స్ తల్లికి ఆ అసెస్‌మెంట్ తర్వాత వారానికి నాలుగు గంటల విరామం దొరికింది. ఆ నాలుగు గంటలు కొడుకుతో నేనుంటాను. ఆవిడ పడుకుంటుంది, అంతే. అది చూశాకే విజయవాడ పటమటలో ఉన్న మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. బండి పెట్రోలు డబ్బులు నేను పంపుతానన్నాను. "అక్కా, మావయ్య దగ్గర పడుకోవడానికి డబ్బులేంటి" అన్నాడు. ఇప్పుడు శనివారం రాత్రులు వాడు బ్రాడీపేటలో ఉంటున్నాడు.

ఇంకో పని మిగిలింది. తనకు జబ్బు ఎక్కువై ఏదీ తేల్చుకోలేని రోజున తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి ముందే తెల్లకాగితం మీద రాసి పెట్టొచ్చని చట్టంలో ఉంది. మావయ్య బాగున్న రోజు చూసి అమ్మ కాగితం ఇచ్చింది, తన పేరే రాస్తాడనుకుని. "నువ్వు వద్దక్కా. నీకు ఓపిక తగ్గింది" అని శనివారాలు వచ్చే మా పిన్ని కొడుకు పేరు రాశాడట. గుండ్రటి అక్షరాలతో, కాలేజీ రికార్డుల్లో రాసినట్టు. అమ్మ ఫోటో తీసి నాకు పంపింది.

ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే నేను అడక్కముందే చెబుతుంది. నిన్న ఆరు గంటలట. మధ్యలో ఒక్కసారే లేచిందట, అదీ మంచినీళ్ళకట.