నలుగురిలో నోరు పెగలని నాకు విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది

ఇంటర్ రెండేళ్లూ నేను మాట్లాడకపోవడం ఎవరికీ లోటుగా అనిపించలేదు. రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారింది మొదలు స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు. మౌనంగా కూర్చునే పిల్లలంటే లెక్చరర్లకు ఇష్టం కూడా. ఆ అలవాటుతోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏలో చేరాను. చరిత్ర చదవాలన్నది చిన్ననాటి కోరిక. గచ్చిబౌలి క్యాంపస్‌కు వచ్చాకే తెలిసింది, ఇక్కడి చదువులో చాలా భాగం మాట్లాడటమేనని.

క్లాసులో కేరళ, ఒడిశా, అస్సాం, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. పరిచయాలన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో సాగేవి. తెలుగులోనే పెదవి విప్పని నాకు అది రెట్టింపు భారం. అన్నిటికన్నా కష్టం మెస్. ప్లేటులో అన్నం పెట్టించుకున్నాక ఎటు వెళ్లాలో తెలిసేది కాదు. ఎక్కడివాళ్లు అక్కడ గుంపుగా కూర్చుని ఉంటారు, ఖాళీ కుర్చీ కనిపించినా కూర్చోవచ్చా అని అడగలేను. అందుకని మెస్ తెరవగానే వెళ్లి, గోడ పక్క బల్ల దగ్గర గబగబా తినేసి వచ్చేదాన్ని. కొన్ని రాత్రులు బిస్కెట్లతో సరిపెట్టుకున్నాను.

ఇంటికి ఫోన్ చేస్తే "అందరితో కలుపుగోలుగా ఉండమ్మా" అనేది అమ్మ. బిడియం ఉన్న పిల్లల తల్లిదండ్రులను చేతులెత్తి అడుగుతున్నాను, ఆ మాట అనకండి. అదెలాగో తెలియకే కదా ఆ పిల్ల గదిలో ఒంటరిగా కూర్చుంది! "అక్కడ ఏ పనిలో చేరావు?" అని అడగండి. నన్ను గట్టెక్కించింది పనే.

నా రూమ్మేట్ ఒడిశా అమ్మాయి. ఆదివారం తెల్లవారుజామున పక్షులు చూసే విద్యార్థులతో కలిసి బఫెలో లేక్ వైపు వెళ్లేది. ఒకసారి "లిస్టు రాయడానికి మనిషి కావాలి, వస్తావా?" అంది. సరదాగా ఉంటుంది రమ్మని బతిమాలితే వెళ్లేదాన్ని కాదు. మనిషి అవసరం ఉందని అడిగింది కాబట్టి లేచి వెళ్లాను.

అక్కడ మాట్లాడకపోవడమే మర్యాద. బైనాక్యులర్ ఉన్నవాళ్లు పక్షి పేరు, ఎన్ని ఉన్నాయో లోగొంతుకతో చెబుతారు, నేను రాయాలి. ఎన్ని గంటలకు మొదలుపెట్టాం, ఎంతసేపు చూశాం, ఎంత దూరం నడిచాం అన్నవి కూడా రాసుకోవాలి. తర్వాత ఈబర్డ్‌లో, అంటే చూసిన పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ఎక్కించేటప్పుడు అది అవన్నీ అడుగుతుంది. బండల దగ్గర తీతువు, నీటి అంచున కొంగలు, లకుముకి పిట్ట, పొదల్లో జెముడుకాకి. చెరువు దాటి వెళ్తుంటే ఎండిన కొమ్మ మీద పాలపిట్ట కనిపించింది. అది ఎగిరి రెక్కల నీలం బయటపడగానే నా నోటి నుంచి పేరు దానంతటదే వచ్చేసింది. తెలంగాణ రాష్ట్ర పక్షి అదేనని, దసరా నాడు దాన్ని చూస్తే శుభమని మా ఊళ్లో పొలాల వెంట వెతుక్కుంటూ వెళ్తామని చెప్పాను. వాళ్లు ఇంకా ఇంకా అడిగారు. అంతమంది ముందు నేను ఆగకుండా మాట్లాడటం అదే మొదలు. ఆ తర్వాత మెస్‌లో వాళ్ల బల్ల దగ్గర నాకు చోటు అడగాల్సిన అవసరం రాలేదు.

ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు నాలుగు రోజులు జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట చూసి లెక్క పంపితే చాలు, ఎవరైనా పాల్గొనవచ్చు. మీ కాలేజీలో ఇలాంటిది ఉంటే, సిగ్గుపడేవాళ్లకు ఇంతకన్నా అనువైన చోటు నాకు తెలియదు. ఇద్దరి చూపూ చెట్టు మీద ఉన్నప్పుడు పక్కవాళ్లతో మాట కలపడం ఎంతో తేలిక.

ఇక సెమినార్. పది నిమిషాలు క్లాసు ముందు నిలబడి మాట్లాడాలి. అంశం మమ్మల్నే ఎంచుకోమన్నారు సార్. మాది ములుగు జిల్లా, చెరువుల కింద సేద్యం చేసే ఇల్లు. అందుకే కాకతీయుల చెరువులు తీసుకున్నాను. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించిన సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. చెరువు ఎలా పనిచేస్తుందో నాకు పుస్తకం లేకుండానే తెలుసు.

ముందుగానే సార్ గదికి వెళ్లాను. అడగాల్సినవి కాగితం మీద రాసుకుని, చూసే చదివాను. ఆయన విసుక్కోలేదు, కూర్చోమని ఒక్కొక్కటీ విడమరిచి చెప్పారు. క్లాసులో అడగలేని సందేహానికి గదికి వెళ్లి అడగడం దొడ్డిదారి కాదు, అదీ చదువులో భాగమే.

సెమినార్ రోజున మొదటి వాక్యాలు కంఠస్థం చేసి వెళ్లాను. అవి అయిపోగానే బోర్డు మీద బొమ్మ గీశాను: చెరువు కట్ట, కట్ట లోపల నీటిలో నిలబెట్టిన రాతి స్తంభాలు, వాటి మధ్య తూము కన్నం, దాన్ని మూసే బిరడా. బిరడా పైకెత్తితే నీళ్లు కట్ట కిందుగా కాలువలోకి పోతాయి. చెరువు నిండితే మిగిలిన నీళ్లు అలుగు దూకి దిగువ చెరువుకు చేరతాయి. గీస్తున్నంతసేపూ అందరూ బొమ్మనే చూస్తున్నారు. వెనక్కి తిరిగేసరికి గొంతు కుదుటపడింది. కేరళ అబ్బాయి "మరి బిరడా ఎత్తేది ఎవరు?" అని అడిగాడు. నీరటి గురించి, ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆయన ఎలా చూస్తాడో చెప్పాను. సార్ టైమ్ అయిందనే దాకా ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు రెండో ఏడాది. పెద్ద గుంపులో ఇప్పటికీ తక్కువే మాట్లాడతాను, అందులో నాకు బాధేమీ లేదు. అయితే బిడియం వేరు, నిద్రపట్టక, తిండి సహించక, క్లాసుకు వెళ్లాలంటేనే భయపడటం వేరు. అలాంటప్పుడు పని వెతుక్కుంటే సరిపోదు, సాయం అడగాలి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్, నంబరు 14416. ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. సీనియర్లు ఇబ్బంది పెడుతుంటే యూజీసీ ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. ఈ రెండు నంబర్లూ చేరిన రోజే ఫోన్లో పెట్టుకోండి.