బల్ల మీద యుద్ధం కోసం బుష్నెల్ దాకా

ఫ్లోరిడాలోని టాంపాకి వచ్చి పదకొండేళ్ళయింది. ఐ-75 హైవే మీద బుష్నెల్ ఎగ్జిట్ బోర్డు ఎన్నిసార్లు చూసుంటానో లెక్కలేదు, ఒక్కసారీ ఆగలేదు. మొన్న డిసెంబరు సెలవుల్లో మా బావ వచ్చినప్పుడు మాత్రం పనిగట్టుకుని ఆ ఊరికే బయల్దేరాం. కారణం మా ఇంట్లో భోజనాల బల్ల మీద సగం తయారై ఉన్న ఒక అడవి.

మా ఇద్దరికీ మినియేచర్ వార్‌గేమింగ్ అంటే ప్రాణం. 28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మలకు రంగులేసి, బల్ల మీద నేలా చెట్లూ అమర్చి, టేపుతో దూరం కొలుచుకుంటూ, పాచికలు వేస్తూ పాత యుద్ధాలు ఆడతాం. ముందు అమెరికా నైరుతి ప్రాంతపు ఆదివాసీలైన అపాచీలు సైన్యంతో చేసిన పోరాటాలు ఆడేవాళ్ళం. 1862లో అపాచీ పాస్ దగ్గర ఒక నీటి ఊట కోసం జరిగిన పోరు మాకు కొట్టిన పిండి. ఈసారి ఫ్లోరిడా ఆదివాసీలైన సెమినోల్ జనానికీ అమెరికా సైన్యానికీ జరిగిన రెండో సెమినోల్ యుద్ధం మొదలుపెట్టాం. ఆ యుద్ధానికి నాంది పలికిన చోటు నేను కొలువుకెళ్ళే దారికి గంట దూరంలోనే ఉంది.

1830లో ఇండియన్ రిమూవల్ చట్టం వచ్చాక సెమినోల్‌లను ఫ్లోరిడా వదిలి మిసిసిపీ నది అవతలికి పొమ్మన్నారు. తోటల్లో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన నల్లవాళ్ళు ఎందరో వాళ్ళతో కలిసి బతుకుతుండేవారు. వాళ్ళని తిరిగి పట్టుకోవాలన్న యజమానుల ఒత్తిడి కూడా ఈ గొడవలో చాలా ఉంది. 1835 డిసెంబరు 23న అమెరికా సైన్యపు మేజర్ ఫ్రాన్సిస్ డేడ్ వందమందికి పైగా సైనికులతో, ఒక ఫిరంగితో, ఫోర్ట్ బ్రూక్ నుంచి ఫోర్ట్ కింగ్‌కి కదిలాడు. ఫోర్ట్ బ్రూక్ అంటే ఇప్పటి టాంపా డౌన్‌టౌన్, ఫోర్ట్ కింగ్ అంటే ఒకాలా. మేం గంటలో చేరిన చోటికి వాళ్ళు ఆరో రోజున చేరారు, 28న పొద్దున. అంతకు మించి ముందుకెళ్ళలేదు.

డేడ్ బ్యాటిల్‌ఫీల్డ్ పార్కులో పాత ఫోర్ట్ కింగ్ దారి ఇప్పటికీ కాలిబాటగా ఉంది. ఓక్ కొమ్మల నుంచి బూడిదరంగు నాచు వేలాడుతోంది. డేడ్ పడిపోయిన చోట ఒక గుర్తు, అతని దళంలోని కెప్టెన్ ఫ్రేజర్ పడిపోయిన చోట ఇంకొకటి. దారికి ఒకవైపు పైన్ చెట్లు, వాటి కింద సా పాల్మెటో పొదలు, రెండోవైపు చెరువు. సెమినోల్‌లు చెట్లవైపు పొంచి ఉన్నారు కాబట్టి సైనికులకి వెనక్కి తగ్గే చోటే లేదు. పుస్తకంలో మ్యాప్ చూసి నేనది గ్రహించలేదు. అక్కడ నిలబడితే అర నిమిషంలో అర్థమైంది.

బావని చెట్లవైపు కాలిబాట వంపు దాకా వెళ్ళి కూర్చోమన్నాను. నలభై అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు, కూర్చున్నాడు. అంతే, మాయమైపోయాడు. ఒంటిమీద నీలం చొక్కా ఉన్నా సరే.

"ఏరా, కనిపిస్తున్నానా?"

"గొంతు తప్ప ఏమీ లేదు బావా!"

మా బల్ల మీద సెమినోల్ బొమ్మల్ని పొదల వెనక నిలబెట్టి, సైనికులకి 'కనబడే అవకాశం' అని ఒక పాచిక ఇచ్చేవాళ్ళం. అది తప్పు. మొదటి తుపాకీ పేలేదాకా అసలు బొమ్మలే పెట్టకూడదు, కాగితం మీద రాసుకోవాలి. ఆ మొదటి గుండు సెమినోల్ పెద్ద మికానోపీ పేల్చాడు, గుర్రం మీదున్న డేడ్ పడిపోయాడు. ఆ వెంటనే పొదల్లోంచి వచ్చిన కాల్పులకి దళంలో సగం మంది నేలకూలారు.

మ్యూజియంలో ఇంకో విషయం తగిలింది. ఆ పొద్దున బాగా చలి. సైనికులు ఓవర్‌కోట్లు తొడుక్కుని, తూటాల పెట్టెల్ని కోటు లోపలే ఉంచి బొత్తాలు పెట్టేసుకున్నారు. ప్రమాదం దాటిపోయిందనుకుని పక్కల కాపలా కూడా పెట్టలేదు. నేను మూడు వారాలు కూర్చుని ముప్ఫై బొమ్మలకు లేత నీలం కోట్లు వేసి, వాటి పైన తెల్లటి బెల్టులు, నల్లటి తూటాల పెట్టెలు ఎంతో శ్రద్ధగా దిద్దాను. అవన్నీ కోటు లోపలికి పోవాలి! రంగు చెరిపేయాలన్న బాధ కంటే ఆ వివరం దొరికిన ఆనందమే ఎక్కువ. మొదటి రెండు టర్నుల్లో సైనికుడు తుపాకీ మళ్ళీ నింపలేడు, బొత్తాలు విప్పుకోవాలి. రూలు తనంతట తానే వచ్చి కూర్చుంది.

మధ్యలో కాసేపు కాల్పులు ఆగినప్పుడు బతికినవాళ్ళు పైన్ దుంగలు పేర్చి మోకాలెత్తు అడ్డుగోడ కట్టుకున్నారు. అలాంటిదే ఒకటి పార్కులో కట్టి ఉంచారు. దాని వెనక పడుకుని చూశాను. తల దాగుతుంది, వీపు దాగదు. అలిగేటర్, జంపర్ అనే నాయకులు మళ్ళీ విరుచుకుపడ్డాక మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. ర్యాన్సమ్ క్లార్క్ అనే సైనికుడు ఒళ్ళంతా గాయాలతో దాదాపు 60 మైళ్ళు పడుతూ లేస్తూ టాంపా చేరాడు. మయామీ-డేడ్ కౌంటీకి ఆ డేడ్ పేరే పెట్టారు.

అక్కడి నుంచి సెయింట్ అగస్టీన్ వెళ్ళాం. స్పానిష్ వాళ్ళు గవ్వరాయితో కట్టిన కాస్టీయో కోట అమెరికా చేతికొచ్చాక ఫోర్ట్ మేరియన్ అయింది. 1837లో తెల్లజెండా కింద మాట్లాడదామని పిలిచి పట్టుకున్న సెమినోల్ నాయకుడు ఓసియోలాని ఇక్కడే పెట్టారు. ఆ నవంబరులో ఇంకో సెమినోల్ నాయకుడు కోవకూచీ దాదాపు ఇరవై మందితో ఇక్కడి నుంచే రాత్రికి రాత్రి తప్పించుకున్నాడు. ఇవి నాకు తెలిసినవే. తెలియనిది ఏమిటంటే, యాభై ఏళ్ళ తరవాత, 1886లో, అపాచీలనీ ఇక్కడికే తెచ్చారు.

అరిజోనా నుంచి రైళ్ళలో దాదాపు 500 మంది. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. అపాచీ నాయకుడు జెరోనిమోని, అతనితో ఉన్న మగవాళ్ళని పెన్సకోలాలో వేరే కోటలో పెట్టి, వాళ్ళ కుటుంబాల్ని ఇక్కడ ఉంచారు. కోట పైన, ఫిరంగులు ఉండే చోట, గుడారాలు వేశారు. మేం అక్కడే నిలబడ్డాం. ఎదురుగా సముద్రపు గాలి, తెల్లటి పడవలు. పిల్లల్లో చాలామందిని పెన్సిల్వేనియాలో ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన కార్లైల్ బడికి పంపేశారు.

నన్ను కదిలించింది స్కౌట్ల సంగతి. ఎర్ర తలగుడ్డ కట్టుకుని సైన్యం తరఫున సొంతవాళ్ళ జాడ తీసిన అపాచీలు వాళ్ళు. జెరోనిమోని లొంగిపొమ్మని ఒప్పించడానికి కొండల్లోకి వెళ్ళిన మార్టీన్, కాయిటా ఇద్దరినీ కూడా ఖైదీలుగా ఫ్లోరిడాకి పంపేశారు. మా ఇంట్లో బొమ్మల పెట్టెలో ఆ ఎర్ర తలగుడ్డ బొమ్మలు తొమ్మిది ఉన్నాయి, అమెరికా సైన్యం అరలో. ఏళ్ళ తరబడి వాళ్ళని ఆడాం, ఆట అయ్యాక వాళ్ళు ఎక్కడికి పోయారో ఎప్పుడూ అడగలేదు.

తిరుగు దారిలో బావ చాలాసేపు మాట్లాడలేదు. ఒకాలా దాటాక అన్నాడు, "మనం పాయింట్లు ఎలా లెక్కేస్తున్నాంరా?"

"పడిపోయిన బొమ్మకి ఒకటి."

"అది మార్చాలి. సెమినోల్‌లకి గెలవడమంటే అక్కడే ఉండిపోవడం. అపాచీలకి పిల్లల్ని దాటించడం."

అవునన్నాను. ఏడేళ్ళ యుద్ధం తరవాత కూడా కొన్ని వందల మంది సెమినోల్‌లు ఎవర్‌గ్లేడ్స్‌లో మిగిలిపోయారు, వాళ్ళ వారసులు ఈనాటికీ ఫ్లోరిడాలోనే ఉన్నారు. చంపినవాళ్ళ లెక్కతో ఆ ఫలితం బల్ల మీదకి ఎన్నటికీ రాదు.

కొత్త రూలు రాసుకున్నాం. బల్ల అవతలి అంచున చిత్తడి నేల, అక్కడికి చేరిన ప్రతి కుటుంబానికి అయిదు పాయింట్లు. అయితే మా దగ్గర రెండు వందల బొమ్మలుంటే అందులో ఆడమనిషి ఒక్కతీ లేదు, పిల్లలు లేరు. బావ ఊరెళ్ళేలోపు రెండు రాత్రులు కూర్చుని, పనికిరాని సైనికుల బొమ్మల మీద పుట్టీతో పొడవాటి లంగాలు, భుజాన మూటలు పెట్టాను. మొదటిదాని చంకలో గోరుగింజంత పిల్లాడు. ఇప్పుడు కిటికీలో ఆరుతోంది. రంగు ఈ ఆదివారం వేస్తాను.