నా రోగం నాకు తెల్వదనుకున్నరు

నాలిక మీది పుండు క్యాన్సరని బయాప్సీలో తేలింది. ఇంట్ల అందరికీ చెప్పిండ్రు, నాకు తప్ప. పరకాలల ఏండ్లకేండ్లు పిల్లలకు సైన్సు చెప్పినోణ్ని, రేడియేషన్ ఎందుకిస్తరో నాకు తెల్వదా? కొడుకు డాక్టరును వరండాలకు తీస్కపోయి మాట్లాడేటోడు, లోపలికొచ్చి "ఏం లేదు బాపూ, పుండు మానాలె గంతే" అనేటోడు. వాని మొఖం చూసి నేనూ సరే అనేది.

చికిత్స హైదరాబాదుల. కొన్ని వారాలకు నోరంతా పూసింది. మక్క గట్క మజ్జిగల పల్చగ కలిపిచ్చినా గుటక దిగేది కాదు. ఉమ్మి మింగలేక గిన్నెల ఊంచేది. మాట బంద్, నోటుబుక్కుల రాసి చూపిచ్చుడే. "రేడియేషన్ అంటే గట్లనే ఉంటది, ఓర్చుకోవాలె" అన్నడొక డాక్టరు.

పక్క మంచమాయన భార్య చెప్తే పాలియేటివ్ ఓపీకి, అంటే రోగంతోని వచ్చే నొప్పి, బాధ తగ్గించే డాక్టర్ల కాడికి పోయినం. "అది పోయేటోళ్లకు కదా బావా" అని మా బామ్మర్ది గునిగిండు. అక్కడి డాక్టరమ్మ నా కెదురుంగ కుర్సీ వేసుకొని కూసున్నది. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతన్నది. ఎనిమిదని రాసిన. "మీ రోగం గురించి మీకేం తెలుసు సార్? ఎంత వరకు చెప్పమంటరు?" అన్నది. "క్యాన్సర్. అంతా చెప్పండి" అని రాసిన. ఎనకాల నిలబడ్డ కొడుకు అది చదివి, గోడ దిక్కు తిరిగిండు.

మార్ఫిన్ గోళీలు రాసింది. నొప్పి లేచేదాక ఆగొద్దు, నాలుగు గంటలకోసారి గడియారం చూసి వేసుకోవాలన్నది. మలబద్ధకం ఖాయం కాబట్టి దానికీ మందు కలిపింది. అలవాటైతదేమోనని బామ్మర్దికి బుగులు. నొప్పి కోసం లెక్క ప్రకారం వాడితే వ్యసనం కావుడు అరుదు, తగ్గినంక మెల్లమెల్లగ మానిపిస్తమని ఓపికగ చెప్పింది. ఉప్పు, వంట సోడా నీళ్లతోని పుక్కిలించుమన్నది. ఆ రాత్రి నిద్ర పట్టింది.

రేడియేషన్ అయిపోయినంక పుండ్లు మానినయి, మార్ఫిన్ మెట్టుమెట్టుగ బందైంది. స్కానింగుల ఏం లేదన్నరు. నోరు మాత్రం ఇప్పటికీ ఎండుతది. నీళ్ల సీసా లేనిది గడప దాటను. పచ్చి పులుసు రుచి ఇంకా సగమే తెలుస్తంది.

ఇప్పుడు ఇంట్ల వరండా ముచ్చట్లు లేవు. రోగం మళ్లొస్తే ఏం చేయాల్నో ఎదురెదురు కూసొనే మాట్లాడుకున్నం. బతికే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కు సుప్రీంకోర్టు 2018ల ఇచ్చింది. 2023ల పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. గెజిటెడ్ హెడ్మాస్టర్లకు నాకేం కరువు? నేనూ రాసిపెట్టిన. మా ఆమె వారం దినాలు మాట్లాడలే. కొడుకు మాత్రం కాగితం మొత్తం చదివిండు. "బాపూ, ఇంటికాడనే ఉంచాలని రాసినవు. హన్మకొండలనా, పరకాల పాతింట్లనా?"

పరకాలల, బాయి దిక్కున్న అర్రల. అది కూడా రాయమన్నడు, రాసిన.